లెన్స్ సంగతి తర్వాత, ముందు ఫొటో చూద్దాం

(ఔత్సాహిక వన్యప్రాణి ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కాసేపట్లో మీరు తెచ్చిన ఫొటోలు ఒక్కొక్కటిగా ఈ తెర మీదికి వస్తాయి. ఒకరి ఫొటో గురించి ఇంకొకరు మాట్లాడతారు. ఆ మాటలు మొదలయ్యే ముందు, అసలు ఒక పిట్ట ఫొటోనో జంతువు ఫొటోనో చూసినప్పుడు మనం ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాని మీద నన్ను మాట్లాడమన్నారు. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. మనలో ఎవరికీ ఇది వృత్తి కాదు. పక్కన నిలబడి నేర్పే గురువు కూడా లేడు. సెలవు దొరికిన రోజున కెమెరా భుజాన వేసుకుని చెరువు గట్టుకో అడవి అంచుకో వెళ్లేవాళ్లం. మనకు నేర్పేవి రెండే. ఒకటి ఆ ప్రాణులు, రెండోది తోటివాళ్ల మాట. ఆ రెండోదాన్ని మనం మరీ తేలిగ్గా వాడేస్తున్నామని నా బాధ.

మన సభల్లో ఎక్కువగా వినిపించే మాటలు గమనించండి. ఫొటో నచ్చితే 'సూపర్ సర్' అంటాం. నచ్చకపోతే 'ఏ లెన్స్ వాడారు?' అని అడుగుతాం. మొదటి మాటతో నష్టం లేదు, విన్నవాళ్లకు సంతోషం. రెండోదానితోనే చిక్కు. ఫొటో మసగ్గా ఉంటే లెన్స్ బాగాలేదంటాం. ప్రాణి చిన్నగా కనిపిస్తే లెన్స్ చాల్లేదంటాం. నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) ఉంటే లెన్స్‌కి వెలుగు చాల్లేదంటాం. రోగిని చూడకుండానే మందు రాసినట్టు, ఫొటో పూర్తిగా చూడకుండానే ఇంకో లెన్స్ పేరు చెప్పేస్తాం. ఆ మాట నమ్మిన కుర్రాడు నెలల తరబడి జీతంలో దాచుకుని కొత్త లెన్స్ కొంటాడు. దానితోనూ అవే ఫొటోలు తీస్తాడు. ఈసారి ఏమనుకుంటాడంటే, తనకే చేతకాదని అనుకుంటాడు. ఇది నాకు అస్సలు నచ్చదు.

ఫొటోలో ఎక్కడ తేడా వచ్చిందో చాలావరకు ఆ ఫొటోలోనే కనిపిస్తుంది. దాన్ని చదవడం అలవాటైతే లెన్స్ దాకా వెళ్లాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను.

ఒక లకుముకి పిట్ట ఎండు కొమ్మ మీద కూర్చుని ఉంది. ముక్కు మనవైపు కొద్దిగా తిరిగి ఉంది. వెలుగు చక్కగా పడుతోంది. కానీ కన్ను మెత్తగా వచ్చింది. అందరి చూపూ కంటి దగ్గరే ఆగిపోతుంది, వెంటనే 'షార్ప్‌గా లేదు' అనేస్తారు. అక్కడ ఆగకండి. కొమ్మ వెంట ముందుకూ వెనక్కూ చూడండి. పిట్ట కాళ్లకు కొంచెం ముందున్న బెరడులో ప్రతి పగులూ స్పష్టంగా కనబడుతోందా? ముక్కు కొస మీది గీతలు తెలుస్తున్నాయా? తెలుస్తుంటే ఆ లెన్స్‌లో ఏ దోషమూ లేదు. తన పని అది చేసింది. ఫోకస్ మాత్రం కంటి మీద కాకుండా నాలుగు వేళ్ల ముందు పడింది. ఆ ఫొటో తీసినవాళ్లకు చెప్పాల్సింది ఫోకస్ పాయింట్ గురించి, లెన్స్ గురించి కాదు. కెమెరాలో ప్రాణుల కన్ను గుర్తించే ఏర్పాటు ఉంటే దాన్ని వాడమని చెప్పాలి. లేకపోతే ఒకే చిన్న పాయింట్ పెట్టుకుని కంటి మీద ఉంచమనాలి.

నాలుగు వేళ్ల తేడాకే అంత మారిపోతుందా అని కొత్తవాళ్లకు అనుమానం రావచ్చు. మారిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 600 ఎంఎం లెన్స్ తగిలించి, ఎఫ్ 6.3 (లెన్స్ రంధ్రం, అంటే అపెర్చర్, ఎంత తెరుచుకుందో చెప్పే అంకె; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) దగ్గర 10 మీటర్ల దూరంలో ఉన్న పిట్టను తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం సుమారు 10 సెంటీమీటర్లు. అందులో సగం ఫోకస్‌కి ముందు, సగం వెనక. అదే పిట్ట 5 మీటర్ల దగ్గరికి వస్తే ఆ లోతు రెండున్నర సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే ఎదురుగా చూస్తున్న పిట్టకి ముక్కు కొస, కన్ను రెండూ ఒకేసారి స్పష్టంగా రావడమే కష్టం. ఈ లెక్క తెలిసినవాళ్లు 'తోక మసగ్గా ఉందేంటి' అని అడగరు. 'పిట్ట మీకు పక్కవాటుగా తిరిగే దాకా ఆగి ఉంటే మొత్తం వచ్చేదేమో' అంటారు. అలాంటి మాట రేపు పొద్దున బయటికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ఇంకో రకం ఫొటో. పిట్టా మెత్తగానే ఉంది, కొమ్మా అంతే, వెనక గడ్డీ అంతే. ఎక్కడా పదును లేదు. అప్పుడు ఫొటోని బాగా పెద్దది చేసి అందులో వెలుగు చుక్కలు వెతకండి. కంట్లో మెరుపు, ఆకు మీద నీటిబొట్టు, నీళ్ల మీద తళుకు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ చుక్కలు అన్నీ ఒకే దిక్కుకి సాగి చిన్న గీతల్లా కనిపిస్తే కెమెరా కదిలింది. గీతల్లా కాకుండా గుండ్రంగా ఉబ్బి ఉంటే ఫోకస్ పూర్తిగా తప్పింది. చూడ్డానికి రెండూ మసకే. కానీ ఒకరికి షట్టర్ స్పీడ్ పెంచమని, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం తగ్గించమని చెప్పాలి, ఇంకొకరికి ఫోకస్ చూసుకోమని చెప్పాలి. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెబితే ఇద్దరికీ ఉపయోగం లేదు.

నేల మీది గడ్డి పరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చి, వాటి మధ్య నడుస్తున్న పక్షి మాత్రం మసకబారితే? అప్పుడు కెమెరా కదల్లేదు, పక్షి కదిలింది. ఇక్కడే చాలామంది స్టెబిలైజేషన్ మీద లేనిపోని ఆశ పెట్టుకుంటారు. 1995లో కెనాన్ 75-300 ఎంఎం లెన్స్‌తో ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే) కెమెరాల లెన్సుల్లోకి స్టెబిలైజేషన్ వచ్చింది. అప్పటినుంచి అది ఎంతో మెరుగుపడింది. కానీ అది సర్దగలిగేది మన చేతి వణుకునే. పిట్ట తల తిప్పడాన్ని అది ఆపలేదు. 'మీ లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా, మరి ఎందుకు కదిలింది?' అని అడిగేవాళ్లు ఈ తేడా మరిచిపోతున్నారు.

ఎగిరే పక్షుల దగ్గర ఒక చిన్న లెక్క వేసుకుంటే విషయం ఇంకా తేలికవుతుంది. తెల్లకొంగ ఒకటి సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో, మన ముందు అడ్డంగా వెళ్తోందనుకోండి. షట్టర్ సెకనులో 500వ వంతు తెరిచి ఉంటే ఆ కాస్త సమయంలోనే కొంగ 2 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. 2000వ వంతు తెరిచి ఉంటే జరిగేది అర సెంటీమీటరే. కెమెరాని కొంగతో పాటు సాఫీగా తిప్పగలిగితే ఒంటికి సంబంధించినంత వరకు ఆ తేడా చాలావరకు పోతుంది. రెక్కల కొసలు మాత్రం వాటి దారిన అవి ఊగుతూనే ఉంటాయి. కాబట్టి కన్ను స్పష్టంగా వచ్చి రెక్కల అంచులు కాస్త చెదిరిన ఫొటో చూసి తప్పు పట్టకండి. నాకైతే అలాంటి ఫొటోలోనే ఎగరడం కనిపిస్తుంది. అన్నీ బిగుసుకుపోయి వచ్చిన ఫొటోలో ఒక్కోసారి పక్షి గాల్లో వేలాడదీసినట్టు అనిపిస్తుంది. ఇది నా అభిరుచి అనుకోండి, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఇంకో కారణం ఉంది. దాన్ని ఎవరూ అనుమానించరు. మధ్యాహ్నం పూట, మైదానంలో, బాగా దూరంలో ఉన్న జింకనో కొంగనో తీస్తే ఫొటో మొత్తం అలలు అలలుగా, ముద్దగా వస్తుంది. ట్రైపాడ్ వేసినా అంతే, స్పీడ్ పెంచినా అంతే. వరసగా 10 ఫొటోలు తీస్తే ఒక్కోదాంట్లో ఒక్కో చోట ఒక్కోలా చెదురుతుంది. అది వేడి గాలి పని. నేల కాగి, వేడి గాలి పైకి లేస్తుంటే వెలుగు తిన్నగా రాక అటూ ఇటూ వంగుతుంది. ఎంత పొడవు లెన్స్ పెడితే అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కారులో కూర్చుని తీసేటప్పుడు ఇంజిన్ బానెట్ మీంచి లేచే వేడి కూడా ఇదే పని చేస్తుంది. ఎంత గొప్ప లెన్స్ కొన్నా దీనికి మందు లేదు. పొద్దున్నే వెళ్లాలి, దగ్గర్లో ఉన్నదాన్ని తీయాలి, అంతే. అయినా ఇలాంటి ఫొటో చూసి లెన్స్ అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు.

మరి లెన్స్ తప్పు ఎప్పుడూ ఉండదా అంటే, ఉంటుంది. కాకపోతే అది అడవిలో తేలే విషయం కాదు. ముందు లెన్స్ ముందున్న ఫిల్టర్ తీసేయండి. టెలీఫొటో లెన్స్‌కి నాసిరకం ఫిల్టర్ తగిలిస్తే ఎంత మంచి లెన్స్ అయినా మసకబారుతుంది. తర్వాత గట్టి ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ ఆపేసి, సన్న అక్షరాలున్న కాగితం ఒకటి గోడకి తిన్నగా అంటించి, మీరు మామూలుగా పిట్టల్ని తీసే దూరం నుంచి, టైమర్ పెట్టి తీయండి. ఒకటి అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఇంకొకటి ఎఫ్ 8 దగ్గర. ఫోకస్ చేసిన ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ మార్చి మళ్లీ చేయించండి. మధ్యలో బాగుండి ఒక పక్క మాత్రమే అక్షరాలు అలుక్కుపోతుంటే లోపలి గాజులు సరిగ్గా కుదురుకోలేదని అనుమానించాలి. పాత లెన్స్ కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఎప్పుడూ ఒకే కొలతలో ముందుకో వెనక్కో ఫోకస్ పడుతుంటే, చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో దాన్ని సరిచేసుకునే సెట్టింగ్ ఉంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫోకస్‌ని సెన్సరే చూసుకుంటుంది కాబట్టి ఈ బాధ దాదాపు తీరిపోయింది. ఇవన్నీ చేశాక కూడా తేడా ఉంటే, అప్పుడు చెప్పండి లెన్స్ బాగాలేదని. అప్పుడు ఆ మాటకి విలువ ఉంటుంది.

ఇక అందరూ ఎదురుచూసే ప్రశ్న. ఎంత పొడవు లెన్స్, అంటే ఎన్ని ఎంఎంల లెన్స్ కావాలి?

కొన్నేళ్ల క్రితం వరకు 600 ఎంఎం అంటే మనలాంటివాళ్లకు దూరపు మాట. 2013 చివర్లో టామ్రాన్ 150-600 ఎంఎం జూమ్ ప్రకటించింది. వెంటనే సిగ్మా అదే కొలతతో రెండు తెచ్చింది. 2015లో నికాన్ 200-500, 2019లో సోనీ 200-600 వచ్చాయి. ఇవన్నీ సుమారు 2 కిలోల బరువు, కాస్త అటూ ఇటూ. సిగ్మా స్పోర్ట్స్ ఒక్కటే ఇంకా బరువెక్కువ. ఔత్సాహికుల చేతికి పొడవైన లెన్స్ అందించింది ఈ తరం జూమ్‌లే. వాటిని చిన్నచూపు చూసే మాట ఎవరన్నా అంటే నాకు కష్టంగా ఉంటుంది. వాటితో తీసిన అద్భుతమైన ఫొటోలు ఈ రోజు ఈ తెర మీదే చూడబోతున్నాం.

అయితే పొడవు పెంచడంలో అసలు లాభం ఎంతో లెక్క చూడండి. 500 నుంచి 600 ఎంఎంకి మారితే ఫ్రేమ్‌లో పిట్ట పొడవు 1.2 రెట్లు అవుతుంది. అది ఆక్రమించే పిక్సెళ్లు 1.44 రెట్లు అవుతాయి. లాభమే, కాదనను. కానీ అదే పిట్టకి సగం దూరంలోకి మీరు వెళ్లగలిగితే పిక్సెళ్లు 4 రెట్లవుతాయి. మధ్యలో గాలి తగ్గుతుంది, వేడి గాలి బాధ తగ్గుతుంది. కాబట్టి 'మీకు 600 కావాలి' అనే ముందు 'మీరు ఎంత దూరంలో ఉన్నారు? ఎలా కూర్చున్నారు? అది మిమ్మల్ని ఎప్పుడు చూసింది?' అని అడగాలి.

పక్షుల ఫొటోలు తీయడం మొదలైన రోజుల్లో ఈ పొడవు లెన్సులు ఎక్కడివి? ఇంగ్లండ్‌లో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1890ల నుంచే పక్షుల గూళ్లూ గుడ్లూ ఫొటోలు తీశారు. పక్షులు బెదరకుండా ఉండటానికి వాళ్లు బోలుగా ఉన్న ఎద్దు బొమ్మ ఒకటి తయారుచేశారు. పైన నిజమైన ఎద్దు తోలు, లోపల చట్రం, దాని మధ్య మనిషి, కెమెరా. పక్షులకు మేస్తున్న ఎద్దు కనిపిస్తుంది, వాళ్లకు ఫొటో దొరుకుతుంది. లెన్స్ తీర్చలేని దూరాన్ని వాళ్లు ఓపికతో తీర్చుకున్నారు. మీకు ఎద్దు తోలు అక్కర్లేదు. ఒక ముదురు రంగు గుడ్డ, కదలకుండా కూర్చునే ఓపిక, పిట్ట రోజూ ఏ కొమ్మ మీద వాలుతుందో గమనించే అలవాటు ఉంటే సరిపోతుంది. అదే ఇంకొకరికి మనం ఇవ్వగలిగే మంచి సలహా.

టెలీకన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి పొడవు పెంచే పరికరం) గురించి కూడా తరచూ అడుగుతుంటారు. 1.4 ఎక్స్ పెడితే వెలుగు సగమవుతుంది, 2 ఎక్స్ పెడితే నాలుగో వంతే మిగులుతుంది. ఎఫ్ 4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్‌కి 1.4 తగిలిస్తే ఎఫ్ 5.6, బాగానే ఉంటుంది. అదే ఎఫ్ 6.3 జూమ్‌కి తగిలిస్తే ఎఫ్ 9. మంచి ఎండలో పని జరుగుతుంది. ప్రాణులు తిరిగేది తెల్లవారుజామున, సందెవేళ. అప్పుడు ఐఎస్‌వో (సెన్సర్ అందుకున్న వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) రెట్టింపు చేసుకోవాలి, ఫోకస్ తడబడుతుంది. అలాంటి జూమ్‌కి కన్వర్టర్ కొనడం కంటే ఫొటోని కాస్త క్రాప్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

క్రాప్ మాటొచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 24 మెగాపిక్సెళ్ల ఫొటోని అడ్డంగా సగం, నిలువుగా సగం కోస్తే 6 మెగాపిక్సెళ్లే మిగులుతాయి. అందులో కనిపించే నాయిస్ కూడా పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి ఎంత కోశారో అడక్కుండా నాయిస్ గురించి ఎవరికీ తీర్పు చెప్పకండి.

లెన్స్ గురించి అభిప్రాయం చెప్పేటప్పుడు మనం అసలు మాట్లాడని విషయం బరువు. 400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ ఇచ్చే వెలుగు, వెనక కరిగిపోయే బ్యాక్‌గ్రౌండ్ నిజంగానే వేరు. ఎఫ్ 5.6 కంటే నాలుగు రెట్ల వెలుగు. కానీ డీఎస్‌ఎల్‌ఆర్ కాలం నాటి నికాన్ 400 ఎంఎం ఎఫ్ 2.8 'ఈ' మోడల్ బరువు 3.8 కిలోలు. దానికి తగ్గ ట్రైపాడ్, దాని తలకాయ, అవన్నీ వేరే. 2018లో వచ్చిన నికాన్ 500 ఎంఎం ఎఫ్ 5.6 పీఎఫ్ (ఫేజ్ ఫ్రెనెల్) కిలోన్నర కంటే కొంచెం తక్కువ. లైట్‌హౌస్‌ల కోసం 1820ల్లో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గాజుని మెట్లు మెట్లుగా చెక్కి పల్చన చేసిన ఆలోచనకు ఇది వారసురాలు. ఎదురు వెలుగులో ఒక్కోసారి మెరుపుల చుట్టూ వింత వలయాలు వస్తాయన్నది దీని లోటు. భుజం నొప్పి ఉన్న మనిషికి, వయసు పైబడినవాళ్లకి, పిట్టల వెనక గంటలకొద్దీ నడిచేవాళ్లకి ఈ రెండిట్లో ఏది మంచి లెన్స్? తేలికైన లెన్స్ రోజంతా చేతిలో ఉంటుంది. బరువైనది మధ్యాహ్నానికి సంచిలోకి వెళ్తుంది. 'ఈ లెన్స్ బాగుంటుందా?' అని ఎవరన్నా అడిగితే ముందు వాళ్లు ఎలా తిరుగుతారో అడగండి. మీ లెన్స్ గురించి మీరు చెప్పేటప్పుడు కూడా ఏ కెమెరా మీద, ఏ వెలుగులో, ఏ ప్రాణి మీద, ఎంతసేపు చేత్తో పట్టుకుని వాడారో చెప్పండి. ఉత్త 'చాలా షార్ప్' అన్న మాటతో ఎవరూ ఏమీ తేల్చుకోలేరు.

ఫొటో అందం గురించి మాట్లాడేటప్పుడు నేనొకటి కోరతాను. బాగుందీ బాగాలేదూ అనే ముందు, మీకు ఏం కనిపించిందో చెప్పండి. 'నా చూపు ముందు ఆ కుడి మూల తెల్లటి ఆకు మీదికి పోయింది, తర్వాతే పిట్ట కనిపించింది' అన్నారనుకోండి. తీసినవాళ్లకు అందులో అన్నీ ఉన్నాయి. తీసేటప్పుడు వాళ్ల కళ్లు పిట్ట మీదే ఉంటాయి, ఆ ఆకు వాళ్లకు కనిపించనే కనిపించదు. బయటి కన్ను చేయగల సాయం అదే. ఒక అడుగు ఎడమకి జరిగి ఉంటే ఆకు పోయేది, ఇంకొంచెం కిందకి వంగి ఉంటే నీళ్ల అవతలి గట్టు దూరమై బ్యాక్‌గ్రౌండ్ సాఫీ అయ్యేది. అడుగుల్లో, అంగుళాల్లో చెప్పగలిగిన సలహా ఇవ్వండి.

తెల్లకొంగ ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతే మాత్రం మొహమాటం లేకుండా చెప్పండి. ముదురు నీళ్ల మధ్య చిన్న తెల్ల పక్షి ఉంటే కెమెరా నీళ్లను చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ఈకలు పోతాయి, అలా పూర్తిగా పోయిన వివరాన్ని రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచిన అసలు ఫైల్) కూడా వెనక్కి తేలేదు. ఒక స్టాప్, అంటే వెలుగుని సగానికి, తగ్గించుకోమని చెబితే రేపటికి సరిపోతుంది.

ఇంకో మాట చెప్పాలి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. ఫొటోలో ప్రాణి మన కళ్లలోకి చూస్తుంటే 'అబ్బ, ఐ కాంటాక్ట్!' అని మెచ్చుకుంటాం. ఒకసారి ఆగి ఆ ప్రాణి ఏం చెబుతోందో చూడండి. గుడ్లగూబ ఒళ్లంతా బిగించి, సన్నగా, నిటారుగా నిలబడి ఉంటే అది మనకు పోజు ఇవ్వడం లేదు. ప్రమాదం వచ్చిందనుకుని కొమ్మలా కనిపించాలని ప్రయత్నిస్తోంది. దుప్పుల మందలో ప్రతి తలా కెమెరా వైపు, ప్రతి చెవీ ముందుకు తిరిగి ఉంటే అవి మేత మానేశాయి. ఆ ఫొటో తీసినవాళ్లు అవసరమైన దానికంటే దగ్గరికి వెళ్లారు. మనం అలాంటి ఫొటోకి చప్పట్లు కొడితే వచ్చేసారి ఇంకా దగ్గరికి వెళ్తారు. మన మెప్పు అక్కడి దాకా పనిచేస్తుంది. అదే గుడ్లగూబ ఒళ్లు వదులుగా, ఈకలు ఉబ్బి, సగం కళ్లు మూసుకుని ఉన్న ఫొటో వస్తే, ఫ్రేమ్‌లో కొంచెం చిన్నగా ఉన్నా సరే, దాన్ని గట్టిగా మెచ్చుకోండి. అంత నెమ్మదిగా వెళ్లగలిగిన మనిషికి ఆ మెప్పు దక్కాలి.

గూళ్ల ఫొటోలు తెర మీదికి తేవద్దని నేను వ్యక్తిగతంగా కోరతాను. మనిషి దగ్గరగా నిలబడినంతసేపూ తల్లి పక్షి గూటికి రాదు. గుడ్లు చల్లబడతాయి, ఎండైతే మాడిపోతాయి. మన జాడ పట్టుకుని కాకులు కూడా రావచ్చు. అరుదైన ప్రాణి ఫొటో పంచుకునేటప్పుడు ఫైల్‌లో దాగి ఉన్న జీపీఎస్ వివరాలు తీసేయండి. ఖడ్గమృగాల ఫొటోలకి చోటు జతచేయవద్దని ఆఫ్రికా పార్కులు సందర్శకుల్ని కోరేది ఇందుకే. వేటగాళ్లూ ఫొటోలు చూస్తారు. 'ఎక్కడ తీశారు?' అని అడగడం మనకు అలవాటు. ప్రాణి అరుదైనదైతే ఆ ప్రశ్న మానేద్దాం.

జాగ్రత్తగా చూసే కళ్లు ఏం చేయగలవో చెప్పే సంఘటనలు రెండున్నాయి. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా నిర్వహించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో, 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటో మొదటి బహుమతి పొందింది. 2010 జనవరిలో ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. అది అడవి తోడేలు కాదు, మచ్చికైనది అయ్యే అవకాశమే ఎక్కువని నిర్ణేతలు తేల్చారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన ఫొటోలో, రాత్రిపూట మెరిసే చెదపుట్ట పక్కన చీమల్నీ చెదల్నీ తినే ఒక జంతువు (జెయింట్ యాంట్‌ఈటర్) ఉంది. 2018లో అదీ పోయింది. ఆ జంతువు ఒక పార్కు ప్రవేశద్వారం దగ్గర పెట్టిన, చచ్చిన జంతువు తోలు లోపల కూరి నిలబెట్టిన బొమ్మేనని శాస్త్రవేత్తలు తేల్చారు. ఎలా తేల్చారు? ఒంటి మీది మచ్చలు, జూలు పాయలు, నిలబడిన తీరు పక్కపక్కన పెట్టి చూసి. ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ ఆ నిర్ణయాలను ఒప్పుకోలేదన్నది కూడా చెప్పాలి. ఇక్కడ ఎవరినీ అనుమానించమని నేను ఈ మాట అనడం లేదు. జంతువు ఒంటి మీద వెంట్రుకలు ఎటు తిరిగాయో గమనించేంత శ్రద్ధ ఒక ఫొటో మీద పెట్టవచ్చని చెబుతున్నాను. ఎర వేసి తీసిన ఫొటో అయితే, జూలో తీసినదైతే ఆ మాట మీరే ముందు చెప్పండి. చెబితే తప్పు లేదు, దాచిపెడితేనే అసలు చిక్కు.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఫొటో తెర మీదికి వచ్చాక తీసినవాళ్లు ముందు నాలుగు సంగతులు చెప్పండి. ప్రాణి ఎంత దూరంలో ఉంది, వెలుగు ఎటునుంచి వచ్చింది, ఫొటో ఎంత కోశారు, మీరు ఏం తీయాలనుకున్నారు. షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్‌వో ఫొటో కింద కనిపిస్తాయి. లెన్స్ పేరు చివర్లో చూపిస్తారు, నేనే అలా పెట్టమన్నాను. చెప్పేవాళ్లు ఒక్కొక్కరు ఒక్క మార్పే చెప్పండి. పది మార్పులు చెబితే ఏది పనిచేసిందో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. వినేవాళ్లు అసలు ఫైల్ దాచుకోండి, వీలైతే అదే చోటుకి అదే వేళకి వెళ్లి, ఆ ఒక్కటే మార్చి మళ్లీ తీయండి. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి వచ్చే సమావేశంలో చూపించండి. మొదటి ఫొటో వేయండి.